చోక్ లాగినా చలనం లేదా?

మార్గశిర మాసం. తెల్లవారుజామున అయిదున్నర. బోధన్ చుట్టుపక్కల చెరకు తోటల మీద, కాలువ గట్ల మీద మంచు దట్టంగా పరుచుకుని ఉంది. నిజామాబాద్‌లో దగ్గరి చుట్టాలింట్లో పెళ్లి. ముహూర్తం ఎనిమిదింటికి. పట్టుచీరలు, పిల్లలు, కట్నాల సంచులతో ఇల్లంతా వాకిట్లోకి వచ్చేసింది. షెడ్డులో ఉన్న పాత అంబాసిడర్ మాత్రం కదలనంటోంది.

కిర్ర్... కిర్ర్... కిర్ర్...

''బాపూ, చోక్ మొత్తం గుంజినా స్టార్ట్ అయితలేదే!'' అంటాడు కొడుకు.

''ఊకె సెల్ఫ్ కొట్టకురా, బ్యాటరీ డౌన్ అయితది. యాక్సిలరేటర్ తొక్కకు అని ఎన్నిసార్లు చెప్పిన?''

''మొన్న మిస్త్రీ రెండుసార్లు తొక్కుమన్నడు గదనే!''

తండ్రి మాటా నిజమే, మిస్త్రీ మాటా నిజమే. అదెలాగో తర్వాత చూద్దాం. ఈలోగా పక్కింటాయన సీసాలో పెట్రోలు పట్టుకుని వస్తాడు. కార్బరేటర్ నోట్లో నాలుగు చుక్కలు పోస్తే అదే లేస్తుందని ఆయన నమ్మకం. అందరికంటే ముందు ఆపాల్సింది ఆయన్నే.

కార్బరేటర్ ఉన్న పెట్రోలు కారు ఇంట్లో ఉంటే చలికాలంలో ఇలాంటి ఉదయం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. అంబాసిడర్ కావచ్చు, ప్రీమియర్ పద్మిని కావచ్చు, మొదటి తరం మారుతి 800 కావచ్చు, పొలాలకు తిప్పిన పెట్రోలు జీపు కావచ్చు. (డీజిల్ బండ్లది వేరే కథ. వాటికి కార్బరేటరూ ఉండదు, స్పార్క్ ప్లగ్గులూ ఉండవు.)

తీపి రోజుల గుర్తులు

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు విస్తరించింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. క్రషింగ్ సీజన్ అంటే చలికాలమే. చెరకు బండ్లు బారులు తీరిన ఆ రోజుల్లోనే, తెల్లవారుజామున జీపులూ కార్లూ స్టార్ట్ చేయాల్సి వచ్చేది.

కార్ల కథ కూడా అలాగే ముగిసింది. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1958లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. 2000 తర్వాత కొత్త పెట్రోలు కార్లలో కార్బరేటర్ పోయి, కంప్యూటర్ లెక్కగట్టి పెట్రోలు చిమ్మే ఇంజక్షన్ పద్ధతి వచ్చింది. చలిని కనిపెట్టి అదే సర్దుకుంటుంది. కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. దాని తరఫున డ్రైవరే ఆలోచించాలి.

చలికి ఏమవుతుంది?

ఇంజన్‌లో మండేది ద్రవంగా ఉన్న పెట్రోలు కాదు, దాని ఆవిరి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కలిస్తే చక్కగా మండుతుంది. వేడెక్కిన ఇంజన్‌లో కార్బరేటర్ దాదాపు ఆ లెక్కనే పంపుతుంది.

తెల్లవారుజామున ఇనుమంతా చల్లగా ఉంటుంది. పోయిన పెట్రోలులో తేలికైన భాగమే ఆవిరవుతుంది. మిగిలింది మానిఫోల్డ్ గోడలకు తడిగా అంటుకుపోతుంది. దాంతో సిలిండర్‌లోకి చేరే మిశ్రమం నీళ్ల మజ్జిగలా పలచనవుతుంది. స్పార్క్ వచ్చినా అంటుకోదు. అందుకే చలికి ఎక్కువ పెట్రోలు పంపాలి. అందులో ఆవిరయ్యే భాగమైనా మండడానికి సరిపోతుంది. చోక్ చేసే పని అదే.

ఇంకో రెండు ఇబ్బందులు కూడా తోడవుతాయి. చలికి ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది, తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. అదే చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది. సెల్ఫ్ మోటారు ఎక్కువ కరెంటు లాగేస్తే ఇగ్నిషన్ కాయిల్‌కు అందే వోల్టేజి పడిపోతుంది. స్పార్క్ పసుపుపచ్చగా, నీరసంగా వస్తుంది. నిజామాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో పాదరసం పది డిగ్రీల దగ్గరికి దిగుతుంది. బాగున్న బండికి అది లెక్కలోది కాదు. బండిలో ఎక్కడో ఉన్న చిన్న లోపం మాత్రం అప్పుడే బయటపడుతుంది.

తొక్కాలా? వద్దా?

యాక్సిలరేటర్ గురించి తండ్రీకొడుకుల తగాదాకు కారణం కార్బరేటర్ రకం. పాత బండ్లలో మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది ఎస్‌యూ రకం. తొలినాటి అంబాసిడర్లలో ఉండేది. ఇందులో చోక్ లాగితే మూతేమీ పడదు. పెట్రోలు వచ్చే జెట్టే కిందికి దిగి ఎక్కువ పెట్రోలు వదులుతుంది. యాక్సిలరేటర్ పంపు ఇందులో లేదు. కాబట్టి ఇంజన్ తిరగకుండా పెడల్ ఎన్నిసార్లు తొక్కినా చుక్క కూడా పోదు. తండ్రి నేర్చుకున్నది ఈ కార్బరేటర్ మీద. అందుకే 'తొక్కకు' అన్నాడు.

రెండోది గాలి దారికి రేకు మూత ఉన్న రకం. చోక్ లాగితే మూత పడి, ఇంజన్ పీల్పు అంతా పెట్రోలు మీద పడుతుంది. దీనికి యాక్సిలరేటర్ పంపు ఉంటే, సెల్ఫ్ కొట్టేముందు పెడల్ ఒకటి రెండుసార్లు నింపాదిగా తొక్కితే కాస్త పెట్రోలు లోపలికి చిమ్ముతుంది. అది మంచిదే. నాలుగైదుసార్లు తొక్కితే మాత్రం ఓవర్‌ఫ్లో అయి ప్లగ్గులు తడిసిపోతాయి.

మూడోది కొన్ని సోలెక్స్ కార్బరేటర్లలో ఉండే ప్రత్యేక స్టార్టర్ ఏర్పాటు. మూత ఉండదు. చోక్ తీగ పక్కనున్న చిన్న బిళ్లను తిప్పి, స్టార్టింగ్‌కు వేరే దారి తెరుస్తుంది. ఆ దారి పనిచేయాలంటే థ్రాటిల్ మూసి ఉండాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు పెడల్ తొక్కితే పీల్పు పోయి, స్టార్టర్ దారిలో పెట్రోలు రావడం మానేస్తుంది. దీని విషయంలో కాలు దూరంగా ఉంచడమే మేలు.

కాబట్టి ముందు మన బండికి ఏ రకం ఉందో తెలుసుకోవాలి. కంపెనీ నుంచి వచ్చిందే ఉందని అనుకోకూడదు. ముప్పై, నలభై ఏళ్లలో ఎవరో ఒకరు మార్చే ఉంటారు. మన కథలో బండికి జరిగింది కూడా అదే. తండ్రికి తెలిసిన ఎస్‌యూ పోయి, మూత రకం వచ్చి ఏళ్లయింది.

లోపం ఎక్కడ? వరుసగా చూడాలి

పెట్రోలు, స్పార్క్, గాలి, తిప్పే బలం... ఈ నాలుగూ ఉంటే ఏ ఇంజనైనా లేస్తుంది. అన్నీ ఒకేసారి విప్పి చూస్తే అసలు తప్పు ఏదో తేలదు. ఒక్కోటీ చూసుకుంటూ పోవాలి.

ముందుగా చెవితో వినాలి. సెల్ఫ్ కొడితే ఇంజన్ చురుగ్గా తిరుగుతోందా, ఈడుస్తోందా? ఈడుస్తుంటే కార్బరేటర్ జోలికి పోకూడదు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న ఉప్పును వేడినీళ్లతో కడిగి బిగించాలి. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ తీగను చాలామంది మరిచిపోతారు. అది వదులైనా ఇదే గొడవ. నిండా చార్జి ఉన్న బ్యాటరీ కదపకుండా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నర కంటే దిగువకు పడిపోతోందంటే బ్యాటరీ అయినా ముసలిదై ఉండాలి, కనెక్షనైనా చెడి ఉండాలి.

చురుగ్గా తిరుగుతూ కూడా లేవకపోతే స్పార్క్ చూడాలి. ఒక ప్లగ్గు విప్పి, తీగ తగిలించి, ప్లగ్గు లోహ భాగం ఇంజన్‌కు తాకేలా, పెట్రోలు తడికీ ప్లగ్గు రంధ్రానికీ దూరంగా పెట్టి సెల్ఫ్ కొట్టాలి. తీగను చేత్తో కాదు, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకోవాలి. నీలంగా, టపటపమని కొడితే మంచి స్పార్క్. పచ్చగా, సన్నగా ఉంటే పాయింట్లు, కండెన్సర్, కాయిల్ వంతు వస్తుంది. అంబాసిడర్ పెట్రోలు ఇంజన్‌లో పాయింట్ల ఖాళీ 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్గు ఖాళీ సుమారు 0.64 మి.మీ. ఉండాలి. ఫీలర్ గేజ్‌తో కొలవాలి. కంటి లెక్క కుదరదు.

కాలువ నీళ్లు పారే ఊళ్లలో ఇంకో చిక్కుంది. మంచు తడి డిస్ట్రిబ్యూటర్ క్యాపు లోపల చేరుతుంది. ప్లగ్గుకు పోవాల్సిన కరెంటు ఆ తడి మీదుగా జారిపోతుంది. క్యాపు విప్పి పొడిబట్టతో తుడిస్తే చాలాసార్లు బండి వెంటనే లేస్తుంది. తుడిచినా రోజూ అదే తంతు అయితే క్యాపు లోపల పెన్సిల్ గీతలాంటి సన్నటి నల్ల చార ఉందేమో చూడాలి. ఉంటే క్యాపు మార్చాల్సిందే.

స్పార్క్ బాగుంటే ఇక పెట్రోలు. అప్పటిదాకా సెల్ఫ్ కొట్టి విప్పిన ప్లగ్గులే సంగతి చెబుతాయి. తడిగా పెట్రోలు వాసన కొడుతుంటే ఓవర్‌ఫ్లో అయింది. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. పొడి నల్లటి మసి ఉంటే మిశ్రమం ఎప్పటినుంచో చిక్కగా వస్తోంది. లేత గోధుమ రంగులో ఉంటే అంతా సవ్యం.

పొడిగా ఉందంటే ఒక ప్రశ్న వేసుకోవాలి. 'రోజూ తీసినా ఇలాగే ఉందా, వారం పదిరోజులు నిలిపితేనే ఇలా ఉందా?' నిలిపినప్పుడే అయితే కారణం చాలావరకు సాదాసీదాదే. కార్బరేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది. లేదా ఏసీ పంపు వాల్వులు పట్టు వదిలి పైపులోని పెట్రోలు టాంకీలోకి వెనక్కి జారి ఉంటుంది. పంపుకు చేత్తో ఆడించే చిన్న లీవరు ఉంటే ఇరవై ముప్పైసార్లు ఆడించి గిన్నె నింపుకోవచ్చు. బ్యాటరీకి శ్రమ తప్పుతుంది.

రోజూ తీసే బండి కూడా ప్రతి చలి ఉదయమూ మొరాయిస్తుంటే అనుమానం చోక్ మీదికి వెళ్లాలి. డాష్‌బోర్డు మీద నాబ్ బయటికి వచ్చినంత మాత్రాన చోక్ పడినట్టు కాదు. ఎయిర్ క్లీనర్ తీసి, ఒకరు నాబ్ లాగుతుంటే ఇంకొకరు చూడాలి. మూత పూర్తిగా పడుతోందా? ఎస్‌యూ అయితే జెట్టు దిగుతోందా? తీగ స్క్రూ వదులై సగంలో ఆగిపోవడం పాత బండ్లలో మామూలే. అయిదు నిమిషాల పని, ఒక స్క్రూడ్రైవరు చాలు.

స్టార్టయి, చోక్ లోపలికి తోయగానే ఆగిపోతుంటే అది ఇంకో రకం జబ్బు. స్లో జెట్టులో చెత్త అడ్డుపడి ఉండొచ్చు, లేదా కార్బరేటర్ కింది గ్యాస్కెట్ నుంచి దొంగగాలి చొరబడుతూ ఉండొచ్చు. జెట్టును గాలి కొట్టి శుభ్రం చేయాలి. తీగ గుచ్చకూడదు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా లెక్క తప్పుతుంది. ఇవన్నీ బాగున్నా పని కాకపోతే టాపెట్లు, కంప్రెషన్ చూడాలి. అది మెకానిక్ పని.

చెరకు నుంచి టాంకీలోకి

ఇరవై ఏళ్ల కిందట లేని చిక్కు ఒకటి ఇప్పుడొచ్చింది. పెట్రోలులో ఇథనాల్. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ నుంచి దీన్ని తయారుచేస్తారు. ఇటీవల మొక్కజొన్న, నూకల నుంచి కూడా తీస్తున్నారు. చెరకు పండే జిల్లాలో చెరకు సారమే టాంకీలోకి తిరిగి వస్తోందన్నమాట. ఆలోచన కొత్తదేమీ కాదు. పెట్రోలులో ఆల్కహాల్ కలపడం కోసం మన దేశంలో 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలుపెట్టారు. 2022లో అది 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది.

పాత కార్బరేటర్‌కు ఇక్కడ మూడు ఇబ్బందులు. ఒకటి, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది. ఒక పాలు ఇథనాల్ మండడానికి తొమ్మిది పాళ్ల గాలి చాలు. ఇంజక్షన్ బండి ఆ తేడాను పసిగట్టి సర్దుకుంటుంది. పాత జెట్టు మాత్రం ఎప్పటి కొలతే పోస్తుంది. మిశ్రమం పలచబడుతుంది. రెండు, ఆవిరి కావడానికి ఇథనాల్‌కు పెట్రోలు కంటే రెట్టింపు పైగా వేడి కావాలి. ఆ వేడిని గాలి నుంచి, ఇనుము నుంచి లాక్కుంటుంది. అసలే చల్లగా ఉన్న మానిఫోల్డ్ ఇంకా చల్లబడుతుంది. మూడు, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రంను మెత్తబరుస్తుంది, టాంకీలోని పాత మురికిని కరిగించి జెట్ల దాకా తెస్తుంది.

ఇథనాల్‌కు చలి గిట్టదని బ్రెజిల్ వాళ్లకు ఎప్పుడో తెలుసు. అక్కడ 1979 నుంచి పూర్తిగా చెరకు ఆల్కహాల్‌తో నడిచే కార్లు అమ్మారు. చలి ఉదయాల్లో స్టార్ట్ చేయడానికి వాటికి చిన్న పెట్రోలు డబ్బా విడిగా అమర్చేవారు. మన 20 శాతానికి అంత అవసరం లేదు. పాత బండికి ఇథనాల్‌ను తట్టుకునే పైపులు, డయాఫ్రం, కొత్త పెట్రోలు ఫిల్టరు వేయించాలి. మిశ్రమాన్ని తెలిసిన మెకానిక్‌తో సరిచేయించాలి. నెలల తరబడి పాత పెట్రోలు టాంకీలో ఉంచకూడదు. ఉబ్బిన పైపు ఒక్కటి వేడి ఇంజన్ మీద కారితే, అప్పుడు ఆలోచించాల్సింది స్టార్టింగ్ గురించి కాదు.

ఈ పనులు వద్దు

* కార్బరేటర్ నోట్లో సీసాతో పెట్రోలు పోయొద్దు. ఒక్కోసారి మంట వెనక్కి, కార్బరేటర్ నోట్లోంచి బయటికి తన్నుతుంది. చేతిలో సీసా ఉంటే చేయీ, ముఖమూ, షెడ్డూ అన్నీ కాలుతాయి.
* మూసిన షెడ్డులో ఇంజన్ ఆడించొద్దు. చోక్ మీద ఉన్న ఇంజన్ కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వదులుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ముందు తలుపులు బార్లా తీయాలి.
* సెల్ఫ్ ఆపకుండా కొట్టొద్దు. ఒకసారికి పది సెకన్లు మించకూడదు. తర్వాత కనీసం అర నిమిషం ఆగాలి.
* హ్యాండిల్ తిప్పేవారు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచాలి. పిడి చుట్టూ బిగించొద్దు. కింది నుంచి పైకి లాగాలి. ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది.
* స్టార్టవగానే రేసు చేయొద్దు. ఆయిల్ పైదాకా చేరడానికి కాస్త సమయం ఇవ్వాలి.

ఓవర్‌ఫ్లో అయితే చోక్ పూర్తిగా లోపలికి తోసి, యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి అలాగే పట్టుకుని అయిదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. పెడల్ ఆడించకూడదు. లోపలికి గాలి ఎక్కువగా పోయి ప్లగ్గులు ఆరతాయి. అప్పటికీ లేవకపోతే పది నిమిషాలు వదిలేయడమే మంచిది.

ముందురోజు సాయంత్రమే...

వాకిట్లోని అంబాసిడర్ సంగతికొస్తే, తండ్రి ముందుగా పక్కింటాయన చేతిలోని సీసాను తీయించి దూరంగా పెట్టించాడు. తర్వాత బానెట్ ఎత్తి ఎయిర్ క్లీనర్ విప్పించాడు. ''నువ్వు చోక్ గుంజు, నేను చూస్త'' అన్నాడు. నాబ్ మొత్తం బయటికొచ్చింది. మూత మాత్రం సగం దగ్గరే ఆగింది. తీగ స్క్రూ వదులైంది. బిగించాక కొడుకు రెండుసార్లు పెడల్ తొక్కి, కాలు తీసి సెల్ఫ్ కొట్టాడు. రెండోసారికి బండి లేచింది.

''మిస్త్రీ చెప్పినట్టే తొక్కినవ్ గదరా'' అన్నాడు తండ్రి.

''మారిపోయిన కార్బరేటర్‌కు ఎప్పటి పాఠమో చెప్తివి, బాపూ.''

ముహూర్తానికి అందారు. కానీ అదే పని ముందురోజు సాయంత్రం చేసి ఉంటే ఆ అరగంట ఆందోళన తప్పేది. పొద్దున ఊరెళ్లాల్సి ఉంటే రాత్రి పడుకునే ముందే ఒకసారి బానెట్ ఎత్తాలి. బ్యాటరీ టెర్మినళ్లు, చోక్ మూత, డిస్ట్రిబ్యూటర్ క్యాపు, పైపుల చెమ్మ చూసుకోవాలి. పది నిమిషాల పని. పక్కన ఇంట్లో కుర్రాళ్లను కూడా నిలబెట్టుకోవాలి. కార్బరేటర్ చెవితో విని జబ్బు చెప్పే మిస్త్రీలు ఏటేటా తగ్గుతున్నారు. బండిని తర్వాత నడిపేది ఆ కుర్రాళ్లే.